న్యాయ సందేహాలు: నోటు వెనుక చెల్లు, చెక్కు వెనుక గడువు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అప్పులు, చెక్కులు, వాటాలు, వసూలు కాని బాకీలకు సంబంధించినవి. వాటిని వరుసగా చదువుతుంటే న్యాయం ఎవరి పక్షాన ఉన్నదన్న విషయంలో నాకు పెద్దగా సందేహం కలగలేదు. కలిగిన సందేహమల్లా, ఆ న్యాయాన్ని కోర్టులో అడగడానికి వారికి ఇంకా ఎన్నాళ్ళు మిగిలి ఉన్నదన్నదే. కొందరికి ఏళ్ళు ఉన్నాయి, ఒకరికి వారాలే ఉన్నాయి. ఆ ఉత్తరాన్ని ముందు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా వీధిలోనే ఉండే ఒక మిత్రునికి 2023 జూలై 21న మూడు లక్షల రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి, ప్రామిసరీ నోటు వ్రాయించుకొని ఇచ్చాను. 2024 డిసెంబరులో ఒకసారి నలభై వేలు ఫోన్‌పే ద్వారా పంపారు. ఆ తరువాత ఎప్పుడు అడిగినా పంట అమ్మగానే ఇస్తానంటున్నారు. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదని అందరూ భయపెడుతున్నారు. మధ్యలో డబ్బు పంపారు కాబట్టి నాకు ఇంకా గడువు ఉన్నట్లేనా? దావా వేస్తే పాత స్నేహం పోతుందేమోనని వెనుకాడుతున్నాను. (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ముందుగా తేదీ సంగతి చూద్దాం. కోరినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటుకు 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళు మీరు బాకీ అడిగిన రోజు నుంచి కాక, నోటు వ్రాసిన తేదీ నుంచే నడుస్తాయి. "నేను గట్టిగా అడిగింది మొన్న సంక్రాంతికే కదా" అన్న మాట కోర్టులో పనికిరాదు. మీ నోటుకు చివరి రోజు 2026 జూలై 21. ఆ రోజు కోర్టుకు సెలవైతే తిరిగి తెరిచిన రోజున దావా దాఖలు చేయవచ్చు. అంతకు మించిన వెసులుబాటు లేదు. ఆలస్యాన్ని మన్నించమని కోరే అవకాశాన్ని ఆ చట్టంలోని 5వ సెక్షన్ అప్పీళ్ళకు, దరఖాస్తులకు ఇచ్చింది గాని, దావాలకు ఇవ్వలేదు. ఒక్క రోజు దాటినా నోటుకు కాలదోషం పట్టినట్లే.

ఇక ఆ నలభై వేల సంగతి. గడువు లోపల బాకీదారు కొంత సొమ్ము చెల్లిస్తే, చెల్లించిన రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్కకు వస్తాయని 19వ సెక్షన్ చెబుతున్నది. అయితే దానికి ఒక షరతు ఉంది: ఆ చెల్లింపును తెలిపే వ్రాత బాకీదారు స్వహస్తంతో వ్రాసినదైనా కావాలి, లేదా దాని కింద ఆయన సంతకమైనా ఉండాలి. మన ఊళ్ళలో పెద్దలు నోటు వెనుక చెల్లు వేయించుకొనేది సరిగ్గా ఇందుకే. "ఈ నోటు బాపతు అసలు, వడ్డీల కింద ఈ రోజున ఇంత సొమ్ము చెల్లించి ఈ చెల్లు వ్రాసి ఇచ్చినాను" అన్న ఆ రెండు పంక్తులు, కింద తేదీ, సంతకం ఉంటే చట్టం కోరినదంతా అందులో ఉన్నట్లే. నా దగ్గరకు వచ్చే నోట్లలో తరచుగా కనిపించే లోపం ఏమిటంటే, అప్పు ఇచ్చినవారే తమ చేతితో చెల్లు వ్రాసుకొని, ఎదుటివారి సంతకం తీసుకోవడం మరచిపోవడం. అటువంటి చెల్లు గడువును ఒక్క రోజు కూడా పెంచదు.

ఫోన్‌పే ద్వారా వచ్చిన సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది కాబట్టి చెల్లింపు జరిగినట్లు రుజువు చేయవచ్చు. కాని అందులో బాకీదారు వ్రాతగాని సంతకంగాని లేదు. పైగా ఆ సొమ్ము ఈ నోటు కింద కాదు, వేరే చేబదులు కింద పంపానని రేపు ఆయన తరపు వకీలు వాదించవచ్చు. వాదనకు తావున్న దారిని నమ్ముకొని, వాదన అక్కరలేని దారిని వదులుకోవద్దన్నది నా సలహా. అందువల్ల ఆ చెల్లింపును లెక్కలోకి తీసుకోకుండా, జూలై 21నే చివరి రోజుగా భావించి నడుచుకోండి.

ఇప్పుడు చేయవలసిన పని మీ స్నేహానికి కూడా అడ్డు రాదు. ఈ వారంలోనే ఆయన ఇంటికి వెళ్ళి, వెయ్యి రూపాయలైనా సరే పుచ్చుకొని, నోటు వెనుక ఆయన చేతనే చెల్లు వ్రాయించి సంతకం చేయించుకోండి. సొమ్ము లేదంటే, ఫలానా తేదీ నాటి నోటు కింద బాకీ ఉన్నమాట నిజమని తేదీ వేసి, సంతకంతో ఒక కాగితం ఇచ్చినా చాలు; 18వ సెక్షన్ ప్రకారం ఆ సంతకం చేసిన రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు వస్తాయి. లేదా వడ్డీ లెక్క కట్టి కొత్త నోటు వ్రాయించుకొని పాతది తిరిగి ఇచ్చేయవచ్చు. ఏది చేసినా జూలై 21 లోపల జరగాలి, నిజంగా వ్రాసిన తేదీనే వేయాలి. పాత తేదీ వేయించడం, నోటు మీద అంకెలు దిద్దడం వంటి పనులు ఎవరు సలహా ఇచ్చినా చేయవద్దు. ముఖ్యమైన మార్పు చేసిన నోటు అసలుకే చెల్లకుండా పోతుంది.

ఆయన సంతకానికి ఒప్పుకోకపోతే దావా తప్పదు. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగుతుందని చాలామంది అనుకొంటారు. ఆగదు. నోటు మీద దావాకు ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం కూడా లేదు. సమయం తక్కువగా ఉన్నప్పుడు నోటీసుకు జవాబు కోసం ఎదురు చూడడం కంటే నేరుగా దావా వేయడమే మంచిది.

నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి ఉన్నదో లేదో ఈ రోజే చూసుకోండి. తక్కువ స్టాంపు వేసిన ఇతర దస్తావేజులను జరిమానా కట్టి సాక్ష్యంలోకి తీసుకురావచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ సదుపాయం లేదు. మూడు లక్షలు నగదుగా ఇచ్చి ఉంటే, ఇరవై వేలు, అంతకు పైబడిన అప్పును నగదుగా పుచ్చుకోవడంపై ఆదాయపు పన్ను చట్టంలో నిషేధం ఉన్న సంగతి కూడా తెలుసుకోవాలి. దాని పర్యవసానం పన్ను శాఖ విధించే జరిమానాయే గాని, మీ బాకీ రద్దు కావడం కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన పూజగదిలో పసుపు గుడ్డలో చుట్టి దాచిన నోటును నా బల్ల మీద పెట్టారు. మూడేళ్ళు నిండి పదకొండు రోజులైంది. బాకీదారు మంచివాడే, పిలిస్తే వచ్చాడు, బాకీ ఉన్నమాట నిజమని నా ముందే ఒప్పుకొన్నాడు. కాలదోషం పట్టిన బాకీనైనా తీరుస్తానని వ్రాతపూర్వకంగా మాట ఇస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది కాబట్టి, కాగితం తయారు చేసి కలం చేతికిచ్చాను. ఇంట్లో ఒక మాట అడిగి వస్తానని వెళ్ళాడు. ఇప్పటికీ రాలేదు.

ప్రశ్న: సోఫాలు, మంచాలు చేయించి అమ్మే చిన్న దుకాణం మాది. ఒక హోటలుకు సామాను ఇచ్చినందుకు మే 25 తేదీతో 1,85,000 రూపాయల చెక్కు ఇచ్చారు. జూన్ 4న ఖాతాలో సొమ్ము చాలదని వెనక్కి వచ్చింది. నెల దాటాక మళ్ళీ వేయండి, తప్పక పాసవుతుందని అంటున్నారు. పోలీసు స్టేషనుకు వెళ్ళమంటారా? (ఒక వ్యాపారి, రాజమహేంద్రవరం)

జవాబు: చెక్కు చెల్లకపోవడం అన్నది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరమే గాని, దానికి మార్గం పోలీసు స్టేషను కాదు, మీరే మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆ ఫిర్యాదుకు ముందు దాటవలసిన మెట్లు మూడు, ప్రతి మెట్టుకూ ఒక గడువు ఉంది.

చెక్కు తిరిగి వచ్చినట్లు బ్యాంకు నుంచి మీకు తెలిసిన నాటి నుంచి 30 రోజుల లోపల, చెక్కు మొత్తాన్ని చెల్లించమని వ్రాతపూర్వకమైన నోటీసు పంపాలి. మీ విషయంలో జూలై 3 లోపల పంపడం క్షేమం. నోటీసు అందిన తరువాత సొమ్ము కట్టడానికి వారికి 15 రోజులు ఉంటాయి. ఆ పదిహేను రోజులూ గడిచినా కట్టకపోతే, అక్కడి నుంచి ఒక నెల లోపల ఫిర్యాదు వేయాలి. ఉదాహరణకు నోటీసు జూలై 1న అందిందనుకొంటే జూలై 16 వరకు వారి గడువు; జూలై 17 నుంచి ఆగస్టు 16 లోపల మీరు కోర్టుకు వెళ్ళాలి. పదిహేను రోజులు నిండకుండా తొందరపడి వేసిన ఫిర్యాదు నిలవదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నింపు కోరే వీలుంది గాని, ఆ వీలు ఫిర్యాదుకే వర్తిస్తుంది. 30 రోజుల నోటీసు గడువు దాటితే ఆ తిరస్కరణ మీద కేసు పోయినట్లే.

మరి నెల దాటాక మళ్ళీ వేయమన్న వారి మాటలో మతలబు ఉన్నదా అంటే, ఉండవచ్చు, ఉండకపోవచ్చు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల వరకు దానిని ఎన్నిసార్లయినా బ్యాంకులో వేయవచ్చు, రెండవసారి తిరిగి వచ్చినప్పుడు కూడా కొత్తగా నోటీసు ఇచ్చి కేసు వేయవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కాబట్టి మొదటి గడువు పోయినా మీ చెక్కుకు ఆగస్టు 24 వరకు ప్రాణం ఉంటుంది. అయినా ఆ ఖాతాను ఆలోగా మూసివేయరన్న భరోసా నేను ఇవ్వలేను గనుక, నోటీసు ఇప్పుడే పంపండి. నోటీసు అందుకొన్నాక సొమ్ము కట్టినవారిని నేను చాలామందినే చూశాను.

నోటీసును సరైన చిరునామాకు స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషను సదుపాయంతో పంపండి. తీసుకోవడానికి నిరాకరించినా, తలుపు తాళం వేసి ఉన్నదని వెనక్కి వచ్చినా, అందినట్లుగానే కోర్టు భావించడానికి వీలుంది. ఆ తిరిగి వచ్చిన కవరును తెరవకుండా దాచండి. హోటలు ఒక కంపెనీ పేరున ఉండి, చెక్కు కంపెనీ ఖాతాది అయితే, నోటీసులోనూ ఫిర్యాదులోనూ కంపెనీ పేరు తప్పక ఉండాలి. సంతకం చేసిన డైరెక్టరును ఒక్కరినే ముద్దాయిగా చేర్చి, కంపెనీని వదిలేసిన కేసులు ఆ ఒక్క కారణంతోనే కొట్టివేతకు గురయ్యాయి.

ఫిర్యాదును హోటలు ఉన్న ఊరిలో కాక, మీరు చెక్కు వేసుకొన్న ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం మించకుండా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణతో మేజిస్ట్రేటుకు వచ్చింది. అది ఆయన విచక్షణకు సంబంధించినది, హక్కుగా రాదు. సంతకం తమదేనని ఒప్పుకొంటే బాకీ కిందనే చెక్కు ఇచ్చారని చట్టం మొదట ఊహిస్తుంది. ఆ ఊహను తిప్పికొట్టడానికి వారు చెప్పే మాట సాధారణంగా ఒకటే: అది హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కు. దానికి మీ జవాబు సామాను దింపిన రోజు వారి మనిషి సంతకం చేసిన చలానులోనూ, మీ బిల్లులోనూ ఉండాలి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక పల్లె. నేను 1998లో పెళ్ళయ్యాక అమెరికా వచ్చి డాలస్‌లో స్థిరపడ్డాను. నాన్నగారు 2019లో వీలునామా వ్రాయకుండానే పోయారు. నాలుగు ఎకరాల పిత్రార్జితపు పొలం, ఆయన సొంతంగా కొన్న ఒక ఇల్లు ఉన్నాయి. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను ఉన్నాము. పెళ్ళిలో కట్నం, పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశాము, నీకు వాటా లేదు, సంతకం పెట్టి పంపమని ఒక కాగితం పంపారు. నాకు నిజంగా హక్కు లేదా? (ఒక పాఠకురాలు)

జవాబు: హక్కు ఉంది, రెండు చట్టాల కింద ఉంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినది కేంద్రం కంటే చాలా ముందు. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను అది పక్కన పెట్టింది, కాని మీరు అప్పటికి అవివాహిత. తరువాత 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ తేడాను కూడా తీసివేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదం చాలాకాలం నడిచింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి జీవించి ఉండనవసరం లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. మీ నాన్నగారు 2019 వరకు ఉన్నారు గనుక ఆ వివాదం మీకు అక్కరే లేదు. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. అటువంటిది మీ ఇంట జరగలేదనే అనుకొంటున్నాను.

పెళ్ళి ఖర్చు, కట్నం, పసుపు కుంకుమల మాట ప్రతి వాటా తగాదాలోనూ వినబడుతుంది. కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం. నేరం చేశామని చెప్పి, దానికి బదులుగా వాటా మినహాయించుకొంటామనడం విచిత్రమైన వాదన. ఆ పేరున వాటా ఎగిరిపోదు. అయితే పెళ్ళినాడు మీ పేరున రిజిస్టరు దస్తావేజు ద్వారా భూమి ఏదైనా ఇచ్చి, మీరు అందుకు బదులుగా హక్కు వదులుకొన్నట్లు వ్రాసి ఉంటే సంగతి వేరు.

లెక్క ఇలా వస్తుంది. ఇల్లు నాన్నగారి స్వార్జితం కాబట్టి అమ్మకు, ముగ్గురు బిడ్డలకు సమానంగా, తలా నాలుగో వంతు. పొలం ఉమ్మడి ఆస్తి అయితే, ముందుగా నాన్నగారికి, మీ ముగ్గురికి కలిపి నాలుగు భాగాలు చేయాలి. మన ప్రాంతపు సంప్రదాయంలో ఈ పంపకంలో భార్యకు విడిగా భాగం రాదు. అంటే తలా ఒక ఎకరం. నాన్నగారి ఎకరం తిరిగి అమ్మకు, మీ ముగ్గురికి సమానంగా, తలా 25 సెంట్లు. చివరకు మీకు, అన్నయ్యలకు ఎకరం 25 సెంట్ల చొప్పున, అమ్మకు 25 సెంట్లు. నాన్నగారు పోయేనాటికి మీ నాయనమ్మ బతికి ఉంటే, ఆయన భాగంలోనూ ఇంటిలోనూ ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే అవుతారు. చాలామంది ఆమెను లెక్కలో వదిలేస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తాతగారి నుంచి వచ్చిన ప్రతి ఆస్తీ ఉమ్మడి ఆస్తి కాదు. తాతగారు 1956 తరువాత తన స్వార్జితాన్ని వీలునామా లేకుండా వదిలి పోయి, అది వారసత్వంగా మీ నాన్నగారికి వచ్చి ఉంటే, అది ఆయన సొంత ఆస్తిగానే లెక్కకు వస్తుంది. అప్పుడు పొలం కూడా ఇంటి మాదిరిగానే నాలుగు సమాన భాగాలవుతుంది, మీ వంతు ఎకరం అవుతుంది, అమ్మ వంతు కూడా ఎకరం అవుతుంది. కనుక పొలం తాతగారి చేతికి ఎలా వచ్చిందో పాత దస్తావేజుల్లో చూడడం ముఖ్యం. మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు, రిజిస్ట్రేషను శాఖ నుంచి ఆస్తి లావాదేవీలను చూపే ఈసీ ముందు తీయించండి; మీకు తెలియకుండా పేర్లు మారాయో లేదో అందులో కనబడుతుంది.

వారు పంపిన కాగితం మీద సంతకం చేయవద్దు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు ద్వారానే జరగాలి కాబట్టి ఆ తెల్లకాగితానికి నేరుగా విలువ లేదు, కాని రేపు మీ సంతకాన్నే మీకు ఎదురుగా చూపించి వాదన పెంచుతారు. మీరు నిజంగా వాటా వదులుకోదలిస్తే అది మీ ఇష్టం. తెలిసి, లెక్క చూసుకొని, అమ్మ పేరున అయినా అన్నయ్యల పేరున అయినా వదులుకోవచ్చు. పంచుకోదలిస్తే, ఇక్కడ మీ తరపున పనులు చూడడానికి నమ్మకస్తులకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. దానిని అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేసి పంపాలి, ఇండియా చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ మూడు నెలలు దాటిన పవరు పత్రాలతో సబ్-రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కూర్చున్న అల్లుళ్ళను, మేనమామలను ఎందరినో చూశాను. పంపకం దావాకు మీకు తొందర లేదు, కాని వాటా లేదని వారు మీకు స్పష్టంగా చెప్పిన రోజు నుంచి పన్నెండేళ్ళ గడువు మొదలైందని వాదించడానికి వారికి వీలుంటుంది. వారు కాగితం పంపిన కవరు మీద తేదీ ఉంటుంది, దాచండి.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న లేత్ వర్క్‌షాప్. పుణేలోని ఒక కంపెనీకి విడిభాగాలు చేసి పంపుతాను. ఆరు లక్షల బిల్లులు ఎనిమిది నెలలుగా రావడం లేదు. పుణే వెళ్ళి కేసు వేసే శక్తి నాకు లేదు. (ఒక వర్క్‌షాప్ యజమాని)

జవాబు: వెళ్ళనవసరం లేదు. చిన్న సంస్థలను ప్రభుత్వం నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషను మీకు ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకొన్న కొనుగోలుదారు ఒప్పందంలో వ్రాసుకొన్న తేదీ లోపల సొమ్ము చెల్లించాలని, ఆ తేదీ ఎట్టి పరిస్థితిలోనూ సరుకును స్వీకరించిన నాటి నుంచి 45 రోజులు మించరాదని శాసించింది. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. మీ కొనుగోలు ఆర్డరులో తొంభై రోజులని అచ్చువేసి ఉన్నా అది చెల్లదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. సరుకులో లోపం ఉన్నదని చెప్పదలచుకొంటే వారు అందిన 15 రోజుల లోపల వ్రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. ఎనిమిది నెలల తరువాత గుర్తుకు వచ్చే లోపాలకు విలువ తక్కువ.

ఫిర్యాదును ఆన్‌లైన్‌లో, ఇటువంటి బకాయి తగాదాలను తేల్చే మీ రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలుకే పంపవచ్చు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా, సరఫరాదారు ఉన్నచోటి కౌన్సిలుకు అధికారం ఉంటుంది. కౌన్సిలు మొదట రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పుకు వెళుతుంది. తీర్పును వారు కోర్టులో సవాలు చేయాలంటే అందులోని మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి. పెద్ద కంపెనీలు దిగివచ్చేది చాలావరకు ఈ నిబంధన వల్లనే. తొంభై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నది గాని, ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుందని ముందే అనుకొని ఉండండి.

రిజిస్ట్రేషను సరఫరాకు ముందే ఉండడం క్షేమం. లేనివారు ఈ రోజే చేయించుకోండి. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. రుసుము అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్లు మించని సంస్థ సూక్ష్మ సంస్థే. సరుకు కొని అమ్మే వ్యాపారులకు కూడా ఉద్యమ్ రిజిస్ట్రేషను ఇస్తున్నారు, అయితే అది బ్యాంకు రుణాల ప్రాధాన్యానికే పరిమితం. ఈ 45 రోజుల రక్షణ వారికి రాదు. మీరు స్వయంగా తయారు చేసేవారు కనుక మీకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: వరంగల్‌లో అద్దె గదిలో టిఫిన్ సెంటర్ నడిపాను. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోయాక ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను. అరవై వేల అడ్వాన్సు తిరిగి ఇవ్వడం లేదు. వకీలుకు ఇచ్చుకొనే స్తోమత లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: మీరు వకీలుకు ఇవ్వవలసిన పని లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ వ్రాసి ఇవ్వండి. వ్రాయడం కష్టమైతే అక్కడివారే వ్రాసి పెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

దావా వేయకముందే ఈ తగాదాను లోక్ అదాలత్ ముందు పెట్టమని అడగండి. ఇంటి యజమానిని పిలిపించి మాట్లాడతారు. ఇద్దరూ ఒప్పుకొంటే ఆ అవార్డుకు కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కట్టనవసరం లేదు. ఆయన రాకపోయినా, ఒప్పుకోకపోయినా లోక్ అదాలత్ బలవంతంగా తీర్పు చెప్పలేదు. అప్పుడు అదే సంస్థ నియమించే వకీలు ద్వారా దావా వేయించుకోవచ్చు. అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిన రోజు నుంచి దానికీ మూడేళ్ళే గడువు. తాళం ఇచ్చిన రోజున ఏదైనా కాగితం వ్రాసుకొన్నారా? లేకపోతే, తాళం ఇచ్చానని, అడ్వాన్సు పంపమని ఆయనకు ఈ రోజే స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం వ్రాసి, పోస్టాఫీసు రసీదును అగ్రిమెంటుతో కలిపి అర్జీకి జత చేయండి. అగ్రిమెంటు అసలు ప్రతి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇస్తే చాలు.